కదలని కారుకి పెద్ద బ్యాటరీ ఎందుకు?

పట్టుచీర బీరువాలోనే ఉంది కదా అని ఊరుకుంటే ఏమవుతుందో మనకి తెలుసు. ఏడాదికోసారైనా మడత మార్చి గాలికి ఆరెయ్యకపోతే మడత దగ్గరే చిరుగుతుంది. కారు బ్యాటరీ సంగతీ ఇంతేనండీ. రోజూ తిరిగే కారు బ్యాటరీ నాలుగైదేళ్ళు చక్కగా పనిచేస్తుంటే, షెడ్డులో కవరు కప్పుకుని కూర్చున్న కారుది ఏడాదికే చేతులెత్తేస్తుంది. "బండి తియ్యనే లేదు, బ్యాటరీ ఎలా పోయింది?" అని మనం బుగ్గలు నొక్కుకుంటాం. తియ్యకపోబట్టే పోయింది!

మా యాప్రాల్‌లో ఇలాంటి కార్లకి కొదవ లేదు. రిటైరైన మిలటరీ వాళ్ళ ఇళ్ళు ఎక్కువ, పిల్లలు దేశాల మీద ఉంటారు, పెద్దవాళ్ళు ఆర్నెల్లు అక్కడా ఆర్నెల్లు ఇక్కడా. మా వీధి చివరింటావిడకి కొడుకు అమెరికా వెళుతూ తన ముద్దుల స్పోర్ట్స్ కారు అప్పగించి పోయాడు. ఎర్రగా, రెండే తలుపులతో, చూడముచ్చటగా ఉంటుంది. ఆవిడకి అందులో కూర్చుంటే లేవడమే కష్టం, ఇంక నడపడమా! రెండేళ్ళలో రెండు బ్యాటరీలు మార్చారు. ఈమధ్య మూడోదీ పడుకుంది. మెకానిక్ వచ్చి, "ఈసారి పెద్దది వేయించండమ్మా, ఆగుతుంది" అన్నాడట. "ఏం చెయ్యమంటారు వదినగారూ? పండక్కి వాడొస్తున్నాడు" అంటూ నా దగ్గరికొచ్చారు. ఆవిడకి చెప్పిన లెక్కే మీకూ చెబుతాను. నెలసరుకుల లెక్క కంటే తేలిక.

తాళం వేసి లోపలికొచ్చేశాం కదా అని కారు నిద్రపోదు. దొంగల అలారం, గడియారం, రిమోట్ తాళం, లోపలి చిన్న కంప్యూటర్లు కొంచెం కొంచెం కరెంటు తాగుతూనే ఉంటాయి. అన్నీ సవ్యంగా ఉన్న ఈ కాలపు కారులో అది సుమారు 30 మిల్లీ యాంపియర్లు అనుకుందాం. రోజుకి ముప్పావు యాంపియర్ అవర్‌కి కాస్త తక్కువ. నెలకి 21 పైచిలుకు. ఆవిడ కారుది 60 యాంపియర్ అవర్ల బ్యాటరీ. అంటే నెలకి మూడోవంతు పైన ఖాళీ! రెండు నెలలయ్యేసరికి ఇంజను తిప్పే ఓపిక దానికెక్కడిది?

ఇప్పుడు మెకానిక్ చెప్పిన పెద్దది చూద్దాం. 60 బదులు 70 వేశారనుకోండి. ఎక్కువొచ్చిన ఆ పది యాంపియర్ అవర్లు ఎన్నాళ్ళకి సరిపోతాయి? సరిగ్గా పద్నాలుగు రోజులకి! అంత డబ్బు పోసి చావుని రెండు వారాలు వాయిదా వేయించుకోవడమన్నమాట. పైగా పెద్దది ఆ గూట్లో సరిగ్గా కూర్చోక కదిలితే అదో తంటా. ప్లస్, మైనస్ కొసలు అటుదిటు ఇటుదటు ఉంటే తీగె అందదు. పాత బ్యాటరీ మీదున్న అంకెలు, చివర ఎల్ గానీ ఆర్ గానీ ఉంటే ఆ అక్షరంతో సహా కాగితం మీద రాసుకుని, అదే ఇమ్మనడం మేలు.

ఖాళీ అయిన బ్యాటరీని మళ్ళీ చార్జి చేస్తే సరిపోతుందిగా అంటారేమో. వెంటనే చేస్తే సరిపోతుంది. వారాల తరబడి అలా వదిలేస్తేనే చిక్కు. మన బోరునీళ్ళు కాచిన గిన్నె అడుగున తెల్లగా గార కడుతుంది చూడండి, అలాగే బ్యాటరీ లోపలి సీసపు పలకల మీద సల్ఫేటు గట్టిపడిపోతుంది. గిన్నెకైతే చింతపండు పెట్టి తోముతాం, దీనికా సౌకర్యం లేదు. ఎండలు మండితే ఈ తతంగమంతా ఇంకా తొందరగా జరుగుతుంది. మన ఏప్రిల్, మే నెలలు బ్యాటరీకి బద్ధశత్రువులు.

కొత్తది కొనేముందు పాతది నిజంగా పోయిందో లేదో తేల్చుకోండి. నిండా చార్జి చేయించి, ఒక రాత్రి ఊరికే ఉంచి, పొద్దున్నే మీటరు పెట్టమనండి. 12.6 వోల్టులు, ఆపైన చూపిస్తే ఇంకా ఆశ ఉంది. 12.2 అంటే సగమే. ఆ తర్వాత లోడ్ పరీక్ష కూడా చేయమని అడగండి. బ్యాటరీ షాపులవాళ్ళ దగ్గర ఆ పరికరం ఉంటుంది. మొహమాటపడకండి.

పోయిందనే తేలితే ఏ రకం కొనాలి? కారుకి మొదట ఏ రకం వచ్చిందో ఆ రకమే. ఖరీదైన స్పోర్ట్స్ కార్లకి తరచు ఏ.జి.ఎం. అనే రకం వస్తుంది. లోపలి ద్రవం దూదిలాంటి గాజుపీచులో ఇంకి ఉంటుంది. తనంతట తాను ఖాళీ అవడం తక్కువే గానీ, కారు తాగే కరెంటుని అదీ ఆపలేదు. దాని బదులు చవకని మామూలుది పెట్టించకండి. మామూలుది వచ్చిన కారుకి ఏ.జి.ఎం. కొనాల్సిన పనీ లేదు. లిథియం బ్యాటరీల మాట కూడా కొడుకులు ఫోనులో చెబుతుంటారు. 2009లో పోర్షే కంపెనీ కొన్ని కార్లకి అలాంటిది ఇవ్వజూపింది, పది కిలోల బరువు తగ్గుతుందని. పందెంలో క్షణాలు లెక్కపెట్టేవాళ్ళకి అది ముఖ్యం. షెడ్డులో నిలబడ్డ కారుకి బరువు తగ్గి ఏం లాభమండీ? ఇంట్లో ఇన్వర్టర్ బ్యాటరీ ఖాళీగా ఉంది కదా అని తగిలించే ఆలోచన అసలొద్దు. అది గంటల తరబడి నెమ్మదిగా ఇచ్చేది, కారుది క్షణాల్లో బోలెడు కరెంటు కుమ్మరించేది.

కంపెనీ పేరు కంటే తయారైన తేదీ చూడండి. బ్రెడ్డు ప్యాకెట్ మీద చూస్తామే, అలాగ. షాపులో ఆర్నెల్లు కూర్చున్న బ్యాటరీ అక్కడే సగం ముసలిదైపోతుంది. రెండు మూడు నెలల లోపుది అడగండి. తిరుపతి దగ్గర కరకంబాడిలో తయారయ్యే అమరాన్ లాంటివి మనకి ఊరూరా దొరుకుతున్నాయి కాబట్టి పాత సరుకుతో సర్దుకోవాల్సిన అవసరమేం లేదు. గ్యారంటీలో పూర్తిగా ఉచితంగా మార్చేది ఎన్ని నెలలు, కొంత తగ్గించి ఇచ్చేది ఎన్ని నెలలు అన్నది విడివిడిగా రాయించుకోండి. కొన్ని విదేశీ కార్లలో కొత్త బ్యాటరీ పెట్టిన సంగతి కారు కంప్యూటర్‌లో నమోదు చెయ్యాలి. ఆ పనీ వాళ్ళే చేస్తారా అని ముందే అడగండి.

ఇక ఆవిడకి నేను కొనిపించింది అదే 60 బ్యాటరీ, దానితోపాటు ఒక చిన్న చార్జరు. నిండగానే తనే తగ్గిపోయి, తరుగు పడినంతే పోస్తూ ఉండే రకం. నెలల తరబడి తగిలించి ఉంచొచ్చు. మీ బ్యాటరీ రకానికి పనికొస్తుందా, కరెంటు పోయి వస్తే తనంతట తానే మళ్ళీ మొదలెడుతుందా, ఈ రెండూ అడిగి కొనండి. గాలి ఆడే చోటే వాడాలి, చార్జింగులో హైడ్రోజన్ పుడుతుంది కాబట్టి దగ్గర్లో దీపం, అగరొత్తి ఉండకూడదు. అపార్ట్‌మెంట్ కింద ప్లగ్గు లేనివాళ్ళు వారానికోసారి కారుని బయటికి తీయాల్సిందే. గేటు దగ్గర పది నిమిషాలు ఇంజను ఆన్ చేసి ఆపేయడం దండగ, స్టార్ట్ చెయ్యడానికి పోయింది కూడా సరిగ్గా తిరిగి రాదు. బొల్లారం, హకీంపేట మీదుగా శామీర్‌పేట చెరువు దాకా వెళ్ళి రండి. బ్యాటరీకి తిండి, మీకు గాలి!

స్పోర్ట్స్ కార్లకి ఇంకో తమాషా ఉంది. కొన్నిటికి బ్యాటరీ డిక్కీలో ఉంటుంది, డిక్కీ తెరవాలంటే బ్యాటరీ పనిచెయ్యాలి! రిమోట్ లోపల దాచిన ఇనుప తాళంచెవితో డిక్కీ ఎలా తెరవాలో అబ్బాయి విమానం ఎక్కకముందే చూపించమనండి. డిక్కీలో ఉన్నదానికి గ్యాసు బయటికి పోయే సన్నని గొట్టం ఉంటే, కొత్తదానికీ అది తగిలించారో లేదో నిలబడి చూడండి.

మీరే చెయ్యి పెట్టేటట్టయితే గాజులు, ఉంగరాలు, మెళ్ళో గొలుసు తీసి పక్కన పెట్టండి. బంగారం కరెంటుని భేషుగ్గా మోస్తుంది, పొరపాటున రెండు కొసలకీ తగిలితే చెయ్యి కాలిపోతుంది. ఊడదీసేటప్పుడు మైనస్ ముందు, బిగించేటప్పుడు మైనస్ చివర. కొసల మీద పేరుకున్న బూజులాంటిది వంటసోడా కలిపిన నీళ్ళకి పోతుంది. చేతికి తొడుగు మాత్రం వేసుకోండి.

పాత బ్యాటరీని వీధిలో కేకలేసే పాతసామాన్ల అతనికి ఇవ్వకండి. సీసం విషం. వాడిన బ్యాటరీని చెత్తలో కలపకుండా విడిగా అప్పగించాలని 2022 నాటి కేంద్ర నిబంధనలూ చెబుతున్నాయి. కొన్న షాపులోనే ఇస్తే ధరలో తగ్గిస్తారు. ఎంత తగ్గించారో బిల్లులో రాయించుకోండి.

ఇన్వర్టర్ బ్యాటరీకి నీళ్ళు ఎప్పుడు, ఎంత పొయ్యాలో రాయమని చాలామంది అడుగుతున్నారు. వచ్చేవారం అదే.