కరెంటు మిషన్ అమ్మే కొలువా? చేరే ముందు ఒక్క మాట

‘డిగ్రీ, బీటెక్ పాసైనా ఫెయిలైనా పర్వాలేదు. హెల్త్ అడ్వైజర్ ఉద్యోగాలు. జీతం ప్లస్ ఇన్సెంటివ్. భోజనం, వసతి మావే.’ నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, జడ్చర్ల.. ఏ బస్టాండ్ గోడ చూసినా ఇలాంటి కాగితం ఒకటి కనిపిస్తుంది. ఫోన్ చేస్తే మర్నాడే రమ్మంటారు. రాత పరీక్ష ఉండదు. ఇంటర్వ్యూ అయిదు నిమిషాలు. చివర్లో మాత్రం ‘డిపాజిట్ కట్టాలి, తర్వాత వాపస్ ఇస్తాం’ అంటారు.

బీటెక్ ఈసీఈ పూర్తయిన ఏడాది నేనూ అలాగే ఫోన్ చేశాను. అయిదు వేలు కట్టాను. మా పని చాలా తేలిక. ఒక ఫంక్షన్ హాల్‌లో ‘ఉచిత నొప్పి నివారణ శిబిరం’ పెడతారు. నడుం, మోకాళ్లు, మెడ నొప్పులతో వచ్చిన పెద్దవాళ్లను వరుసగా కుర్చీల్లో కూర్చోబెట్టి, చిన్న పెట్టెలోంచి వచ్చే వైర్ల చివర ఉన్న ప్యాడ్లు నొప్పి ఉన్న చోట అంటించాలి. పది రోజులు ఉచితం. పదకొండో రోజు నుంచి మిషన్ అమ్మకం. ధర పన్నెండు వేలు.

ఆ ఉద్యోగంలో నేనున్నది ఇరవై రెండు రోజులు. మూడు మిషన్లు అమ్మాను. అందులో ఒకటి మర్రిగూడ వైపు నుంచి రోజూ ఆటోలో వచ్చే ఒక అవ్వకు. ‘బిడ్డా, గిది పెట్టుకుంటే నా నడుం సక్కగైతదా?’ అని అడిగింది. ‘అయితది అవ్వా. రోజూ పెట్టుకుంటే షుగర్ గోలీలు కూడా తగ్గించుకోవచ్చు’ అన్నాను. ఆ రెండో మాట నాకు ట్రైనింగ్‌లో నేర్పించిందే. అయినా అన్నది నా నోరే. నెలన్నర తర్వాత ఆమె కూతురు ఫోన్ చేసింది. గోలీలు మానేసిందట. షుగర్ పెరిగి పడిపోతే దవాఖానలో చేర్పించారట. అప్పటికే నేను ఉద్యోగం మానేశాను. నా డిపాజిట్ తిరిగి రాలేదు. ఆ ఇంటివాళ్లకు వాళ్ల పన్నెండు వేలూ రాలేదు.

కాబట్టి ఈ మాటలు మీకు చెప్పే బాధ్యత నామీద ఉంది. అలాగని కరెంటు చికిత్స అంతా బూటకం అని తీసిపారేయను. అది నిజం కాదు. నిజమేమిటో మనం చదువుకున్న చదువుతోనే అర్థం చేసుకోవచ్చు.

ఆ పెట్టెలో ఏముంది?

మన జిల్లాల్లో ‘ఫిజియోథెరపీకి పోయి కరెంటు పెట్టించుకున్న’ అనే మాట చాలామంది నోట వింటాం. అక్కడ ఎక్కువగా వాడేవి రెండు. ఒకటి టెన్స్, రెండోది ఐఎఫ్‌టీ.

టెన్స్ అంటే చర్మం మీద నుంచి నరాలకు చిన్న చిన్న కరెంటు పల్స్‌లు పంపడం. మామూలుగా సెకనుకు 50 నుంచి 100 పల్స్‌లు. ఒక్కో పల్స్ నిడివి 50 నుంచి 200 మైక్రోసెకన్లు. లెక్క వేసి చూడండి. 50 మిల్లీ ఆంప్స్ పల్స్, 200 మైక్రోసెకన్లు, సెకనుకు వంద సార్లు. సగటున వచ్చేది ఒక్క మిల్లీ ఆంప్ మాత్రమే. పైగా మంచి పరికరంలో కరెంటు రెండు దిశల్లోనూ సమానంగా పోయేలా చూస్తారు. ఒకే దిశలో పోతే ప్యాడ్ కింద చర్మం కాలుతుంది.

ఐఎఫ్‌టీ మన ఈసీఈ వాళ్లకు ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. 4000 హెర్ట్‌జ్ కరెంటు ఒకటి, 4100 హెర్ట్‌జ్ కరెంటు ఒకటి, ఎదురెదురుగా అడ్డంగా పంపిస్తారు. రెండూ కలిసిన చోట 100 హెర్ట్‌జ్ బీట్ పుడుతుంది. ఇంటర్ ఫిజిక్స్‌లో శబ్దతరంగాల పాఠంలో చదివిన బీట్స్ సూత్రమే ఇది.

ఇక ‘మైక్రోకరెంట్’ పేరుతో అమ్మేవి ఇంకా తక్కువ. ఒక మిల్లీ ఆంప్ లోపే, అంటే వెయ్యి మైక్రో ఆంప్స్ కంటే తక్కువ. ఒంటికి ఏమీ తెలియదు. ‘కణాల్లో శక్తిని అయిదు రెట్లు పెంచుతుంది’ అనే ప్రచారం మీరు విని ఉంటారు. దాని మూలం 1982లో ఎలుకల చర్మం ముక్కల మీద చేసిన ఒక ప్రయోగం. ఎలుక చర్మంలో ఏటీపీ పెరగడం వేరు, మీ నాయనమ్మ మోకాలు నొప్పి తగ్గడం వేరు.

నొప్పి నిజంగా తగ్గుతుందా?

దెబ్బ తగిలితే ఆ చోటును చేత్తో రుద్దుకుంటాం. కాస్త నయంగా అనిపిస్తుంది. ఎందుకు? 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే శాస్త్రవేత్తలు దీనికి ఒక వివరణ ఇచ్చారు. వెన్నుపాములో ఒక గేటు లాంటిది ఉంటుంది, స్పర్శను మోసే లావు నరాల సంకేతాలు ఎక్కువగా వస్తే నొప్పిని మోసే సన్న నరాల సంకేతాలకు ఆ గేటు కొంత మూసుకుంటుంది అని. రెండేళ్లకే వాల్, విలియం స్వీట్ కరెంటుతో ఆ పని చేయవచ్చని మనుషుల మీద చూపించారు. టెన్స్ పుట్టింది అక్కడే.

మరి పరిశోధనలు ఏమంటున్నాయి? 2022లో 381 ప్రయోగాలను కలిపి చూసిన ఒక సమీక్ష, టెన్స్ పెట్టినప్పుడు, తీసిన వెంటనే నొప్పి తీవ్రత తగ్గుతోందని తేల్చింది. మరోవైపు బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ, నడుం నొప్పికి టెన్స్ ఇవ్వొద్దని 2016లో చెప్పింది. కారణం తేలని దీర్ఘకాలిక నొప్పికి కూడా వద్దని 2021లో చెప్పింది. ఈ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టేసుకోవు. పెట్టుకున్నంతసేపు ఉపశమనం ఉండొచ్చు. కానీ జబ్బు తగ్గదు. పెయిన్ కిల్లర్‌కు ఎంత హద్దు ఉందో దీనికీ అంతే. తెలిసిన ఫిజియోథెరపిస్టు ఆ కాసేపు ఉపశమనాన్ని వాడుకుని వ్యాయామం చేయిస్తారు. అసలు పని చేసేది ఆ వ్యాయామమే.

శిబిరంలో జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. కాసేపటి ఉపశమనాన్ని చూపించి, శాశ్వత నివారణ పేరుతో అమ్ముతారు.

మన గడ్డ మీదే ఎందుకు?

ఈ శిబిరాలు మన ఊళ్లనే వెతుక్కుంటూ రావడానికి కారణం ఉంది. నల్గొండ జిల్లాలో ఎముకల ఫ్లోరోసిస్ గురించి డాక్టర్ సిద్దిఖీ 1955లోనే బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే దిక్కు లేకపోతే ఒకటిన్నర వరకు అన్నది మన ప్రమాణం. మర్రిగూడ, చండూరు, మునుగోడు, నాంపల్లి వైపు తరాల తరబడి అంతకు మించిన నీళ్లే తాగారు. ఫ్లోరైడ్ ఎముకలో చేరుతుంది. వెన్నుపూసల మధ్య కట్లు గట్టిపడతాయి. లోపలి దారి ఇరుకై నరాలు నలుగుతాయి. అలా నలిగిన నరానికి పైన ప్యాడ్ అంటిస్తే ఆ ఇరుకు వెడల్పు కాదు.

పాలమూరు సంగతి వేరు. అక్కడ నడుములు అరిగింది తట్టలు మోసి. బొంబాయి, పుణె కట్టడాల మీద ఇరవై ఏళ్లు పని చేసి తిరిగొచ్చినవాళ్లు ఏ ఊళ్లో చూసినా ఉంటారు. ఆ నొప్పి నిజం. ఆ నొప్పికి దగ్గర్లో వైద్యం దొరక్కపోవడమూ నిజం. ఉచిత శిబిరం దగ్గర క్యూ కట్టేది అందుకే. వాళ్లు అమాయకులని కాదు, వేరే దారి కనబడక.

ఈ జిల్లా పేరుతోనే ‘నల్గొండ టెక్నిక్’ ఉందని మీలో ఎంతమందికి తెలుసు? నాగ్‌పూర్‌లోని నీరి శాస్త్రవేత్తలు పటిక, సున్నం వాడి నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి అది. తర్వాత మిషన్ భగీరథతో కృష్ణా నీళ్లు వచ్చాయి. వంగిన ఎముకలను అవి నిటారు చేయలేకపోయినా, తర్వాతి తరం ఎముకలు వంగకుండా చేయగలవు. ఇంజినీరింగ్ అంటే ఇదీ. పన్నెండు వేల పెట్టె కాదు.

చేరే ముందు అడగాల్సినవి

ఒకటి, డిపాజిట్. పని ఇచ్చేవాడు డబ్బు ఇవ్వాలి గానీ అడగకూడదు. అడిగితే అక్కడే లేచి వచ్చేయండి.

రెండు, లైసెన్స్. మన దేశంలో 2017 నాటి మెడికల్ డివైజెస్ నిబంధనలు ఉన్నాయి. ప్రమాదాన్ని బట్టి పరికరాలను ఏ, బీ, సీ, డీ తరగతులుగా విడదీస్తాయి. 2020 ఏప్రిల్ 1 నుంచి అన్ని వైద్య పరికరాలూ ఔషధ చట్టం పరిధిలోకి వచ్చాయి. ‘మీ మిషన్ లైసెన్స్ నంబర్ ఎంత?’ అని అడగండి. ‘అమెరికా ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్’ అంటే సరిపోదు. రిజిస్ట్రేషన్ అంటే పేరు నమోదు మాత్రమే, ఆమోదం కాదు.

మూడు, మీతో ఏం చెప్పిస్తున్నారు? షుగర్, పక్షవాతం, క్యాన్సర్ వంటి జబ్బులు నయం చేస్తామని ప్రచారం చేయడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. స్క్రిప్ట్ రాసింది కంపెనీ కావొచ్చు. మైకులో చదివేది మీరు.

నాలుగు, ఎవరికి పెట్టకూడదో నేర్పారా? పేస్‌మేకర్ ఉన్నవాళ్లకు పెట్టకూడదు. గర్భిణుల పొట్ట మీద, ఎవరికైనా మెడ ముందు భాగంలో పెట్టకూడదు. మూర్ఛ ఉన్నవాళ్ల విషయంలో డాక్టర్ మాట లేకుండా ముట్టకూడదు. షుగర్‌తో పాదాలు మొద్దుబారినవాళ్లకు చర్మం కాలుతున్నా తెలియదు. ఈ జాబితా నేర్పకుండా ప్యాడ్లు చేతికిచ్చారంటే వాళ్లకు కావాల్సింది అడ్వైజర్ కాదు, సేల్స్ బాయ్.

ఈ రంగమే కావాలంటే దారులున్నాయి

నొప్పి తగ్గించే పని మీద మీకు నిజంగా ఆసక్తి ఉంటే రాజమార్గంలోనే వెళ్లండి. ఇంటర్ బైపీసీ తమ్ముళ్లు, చెల్లెళ్లు ఉంటే కాళోజీ హెల్త్ యూనివర్సిటీ పరిధిలోని కాలేజీల్లో బీపీటీ గురించి చెప్పండి. నాలుగేళ్లకు పైబడిన కోర్సు. 2021లో వచ్చిన అలైడ్ అండ్ హెల్త్‌కేర్ ప్రొఫెషన్స్ చట్టంలో ఫిజియోథెరపీకి చోటు దొరికింది.

ఈసీఈ, ట్రిపుల్ఈ వాళ్లకు బయోమెడికల్ వైపు తలుపు తెరిచే ఉంది. ఉస్మానియా ఇంజినీరింగ్ కాలేజీలో, కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో ఈ విభాగాలున్నాయి. గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్ ఇంజినీరింగ్ పేపర్ ఉంది. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైసెస్ పార్క్ ఉంది. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్గొండ, సూర్యాపేటల్లో 2019లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు మొదలయ్యాయి. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉంది. ఆస్పత్రి ఉన్న ప్రతిచోటా పరికరాలుంటాయి. అవి పాడవుతాయి, బాగు చేసేవాళ్లు కావాలి, సరిగ్గా పని చేస్తున్నాయో లేదో కొలిచేవాళ్లు కావాలి.

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా 555 టైమర్‌తో టెన్స్ చేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. మేమూ చేశాం. కొనుక్కొచ్చిన కిట్ కాకుండా మీరే చేయండి. మనిషికి పెట్టొద్దు, రెసిస్టర్‌కు పెట్టి ఆసిలోస్కోప్‌లో చూడండి. అడాప్టర్ వద్దు, బ్యాటరీయే వాడండి. తర్వాత ఐఈసీ 60601 ప్రమాణం గురించి చదవండి. ఈ రకం పరికరం నుంచి రోగి ఒంట్లోకి లీకయ్యే కరెంటు మామూలు స్థితిలో వంద మైక్రో ఆంప్స్ దాటకూడదని అది ఎందుకు అంటుందో ఆలోచించండి. ఇంటర్వ్యూలో ఈ ఒక్క విషయం గురించి పది నిమిషాలు మాట్లాడగలిగితే, మీ రెజ్యూమె మీద ఉన్న ప్రాజెక్టు మీదేనని ఎదుటివాళ్లకు తెలుస్తుంది.

ఇంట్లో ఖాళీగా కూర్చోవడం కష్టమే. ‘ఇంకా ఏం దొరకలేదా’ అనే ప్రశ్న ఎంత గుచ్చుతుందో నాకు తెలుసు. ఏదో ఒకటి చేద్దామనే తొందరలోనే నేను ఆ ఫోన్ చేశాను. చిన్న ఉద్యోగం చేయడంలో తప్పు లేదు. మొబైల్ షాపులో కూర్చోండి, ట్యూషన్ చెప్పండి, డెలివరీకి వెళ్లండి. కానీ మన చదువును చూసి మన మాట నమ్మే అవ్వల దగ్గర, మనకే నమ్మకం లేని మాట అమ్మొద్దు.

ఆ అవ్వ కోలుకుందని తర్వాత తెలిసింది. మిషన్ ఇప్పటికీ వాళ్లింట్లోనే సజ్జ మీద ఉందట.