ఒక్కరి తూము మూస్తే సెలవు కాదు

"ఓ వారం సెలవు పెట్టి ఊరెళ్లిరా, మైండ్ ఫ్రెష్ అవుతుంది." హైదరాబాద్‌లో పని చేసి చేసి డస్సిపోయిన మనిషికి పైసా ఖర్చు లేకుండా దొరికే వైద్యం ఇది. చెప్పేవాళ్లు చెడ్డవాళ్లేం కాదు. మేనేజర్లు చెప్తారు, స్నేహితులు చెప్తారు, రీల్స్‌లో కౌన్సెలర్లు చెప్తారు, ఈమధ్య మనం చదువుతున్న వ్యాసాలు కూడా అదే చెప్తున్నాయి. ఆ వ్యాసాల్లో ఊరు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. కాలవ గట్టు, కొబ్బరి చెట్లు, అమ్మ చేతి పులుసు, సిగ్నల్ అందని ఫోను. నాలుగో పేరాకి రచయిత కోలుకుంటారు, ఆరో పేరాకి మళ్లీ లాగిన్ అవుతారు. మాది మొగల్తూరు. పేరుపాలెం బీచ్‌కి వీకెండ్ కార్లు వెళ్లే దారి మాదే. ఆ కాలవ గట్టూ మాదే. కాబట్టి నాకు కొంచెం కోపం ఉంది.

నేను సెలవుకి వ్యతిరేకిని కాదు. దాన్ని ఎవరికి వాళ్లు విడిగా మింగాల్సిన మాత్రలా మార్చేయడం మీదే నా గొడవ. బర్నౌట్ అనే మాటని 1974లో మనస్తత్వవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ వాడింది న్యూయార్క్‌లో ఒక ఉచిత క్లినిక్‌లో పనిచేసేవాళ్లని చూసి. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో ఈ మాటని చేర్చినప్పుడు ఒక విషయం స్పష్టంగా చెప్పింది. ఇది జబ్బు కాదు, వృత్తి సంబంధమైన స్థితి. పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడిని సరిగ్గా సర్దకపోవడం వల్ల వచ్చేది. అంటే అసలు రోగి ఆఫీసు. డిప్రెషన్ వేరే సంగతి, దానికి డాక్టరు కావాలి, అది కూడా ఊరి గాలితో పోదు. కానీ బర్నౌట్ విషయంలో మనం చేస్తున్న పనేమిటంటే, ఆఫీసుకి జ్వరం వస్తే ఉద్యోగిని తీసుకెళ్లి సముద్రం ఒడ్డున పడుకోబెడుతున్నాం.

కాలవ గట్టు మీద కూర్చుని ప్రశాంతంగా నీళ్లు చూసేవాళ్లకి ఆ కాలవ కూడా సెలవు పెడుతుందని తెలుసో లేదో. గోదావరి డెల్టాలో ఏటా వేసవిలో, దాళ్వా కోతలయ్యాక, కాలవలు కట్టేస్తారు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీళ్లు ఆపేస్తారు. ఫలానా తేదీకి కట్టేస్తున్నాం అని ముందే ప్రకటిస్తారు. అది తెలిసిన దగ్గర్నుంచి ఊళ్లలో హడావుడి చూడాలి. మంచినీళ్ల చెరువులు నింపుకోవాలి, లేకపోతే మే నెలంతా గొంతెండుతుంది. మాలాంటి శివారు ఊళ్లకి నీళ్లు వచ్చేదే ఆఖర్న, కాబట్టి మాకు ఆ కంగారు ఇంకొంచెం ఎక్కువ. కట్టేశాక పూడిక తీస్తారు, గట్లు పోస్తారు, లాకులు, తూములు బాగుచేస్తారు, గుర్రపుడెక్క లాగేస్తారు. కనీసం తియ్యాలి, కాంట్రాక్టర్లు ఆ పనులు ఎలా చేస్తారన్నది ఇంకో వ్యాసం. జూన్‌లో మళ్లీ నీళ్లు వదులుతారు, సార్వాకి నారుమళ్లు మొదలు.

ఈ ఏర్పాటులో సెలవంటే ఏమిటో మొత్తం ఉంది. అందరికీ ఒకేసారి. తేదీ ముందే తెలుసు. లేని రోజులకి కావాల్సింది ముందే నింపి పెడతారు. ఆగినన్నాళ్లూ పాడైనదాన్ని బాగుచేస్తారు. ఏ కాలవా "నాకు బాలేదండీ" అని అర్జీ పెట్టుకోదు. అదే ఒక్క రైతు ఒక్కడే తన బోదె తూము మూసుకున్నాడనుకోండి, కాలవ ఆగదు, పక్క చేలు తడుస్తూనే ఉంటాయి, వాడి చేను ఎండుతుంది. మన కంపెనీల్లో మెంటల్ హెల్త్ లీవ్ పేరుతో ఇస్తున్నది ఈ రెండోది. టీమ్ అంతా పరిగెడుతూనే ఉంటుంది, టికెట్లు మన పేరు మీద పోగుపడుతూనే ఉంటాయి, వారం తర్వాత తెరిచి చూస్తే ఆరొందల మెయిళ్లు. దాన్ని సెలవు అనకూడదు, అప్పు అనాలి. వడ్డీతో సహా సోమవారం పొద్దున్నే కట్టాలి.

తెలుగులో ఈ మాటలు కొంచెం గమనించండి. సెలవు అంటే మొదట్నుంచీ అనుమతి. పెద్దవాళ్లు "సెలవిచ్చారు" అంటాం, వెళ్లేటప్పుడు "సెలవు తీసుకుంటాను" అంటాం. ఇచ్చేవాడు ఎప్పుడూ ఇంకొకడు. తీరిక అలాంటిది కాదు. పని తీరితే వచ్చేది తీరిక. మన తరానికి సెలవులు కాగితం మీద బోలెడున్నాయి, తీరిక మాత్రం లేదు.

అనుమతి అడగాలి కాబట్టి అబద్ధం ఆడాలి. వైరల్ ఫీవర్ అనే జబ్బు మన ఆఫీసుల్లో ఏడాది పొడవునా, వానాకాలం ఎండాకాలం తేడా లేకుండా ఎందుకుంటుందో మీకూ తెలుసు. ఎన్నో ఏళ్ల కిందట పోయిన తాతయ్యలు మళ్లీ మళ్లీ పోతుంటారు. నేను పనిచేసిన ఒక చోట మానసిక ఆరోగ్య సెలవు అని పాలసీలో అందంగా రాశారు, కింద చిన్న అక్షరాల్లో మెడికల్ సర్టిఫికెట్ జతచేయాలి అని ఉంది. నిద్ర పట్టడం లేదు, స్క్రీన్ చూస్తే కడుపులో దేవుతోంది అనే మాటకి ఏ డాక్టరు సంతకం తేవాలి? మా టీమ్‌లో నేనున్నన్నాళ్లూ ఆ సెలవు ఒక్కరూ వాడలేదు. కంపెనీ మాత్రం రిక్రూట్‌మెంట్ పోస్టర్ మీద దాన్ని వేసుకుంది.

ఇక్కడికి రాగానే ఊళ్లో పెద్దవాళ్లు అందుకుంటారు. "మా రోజుల్లో ఇయ్యన్నీ ఎక్కడున్నాయండీ? మేం కష్టపడలేదా?" కష్టపడ్డారు, ఎవరు కాదన్నారు! కానీ ఆ కష్టానికి ఒక క్యాలెండర్ ఉండేది. ఊడ్పులప్పుడూ కోతలప్పుడూ నడుం విరిగేది, మధ్యలో రోజులు వదులయ్యేవి. కాలవ కట్టేసిన వేసవిలోనే పెళ్లిళ్లు, జాతర్లు. కనుమ నాడు కాకి కూడా కదలదు అన్న సామెత పుట్టింది బద్ధకస్తుల ఇంట్లో కాదు, ఒళ్లు విరిచి పనిచేసే ఇళ్లలో. ఆ రోజు పశువుకి కూడా సెలవే. ఆదివారం కూడా ఆకాశం నుంచి ఊడిపడలేదు. బొంబాయి మిల్లు కార్మికులు నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో ఏళ్ల తరబడి అడిగితే 1890లో వచ్చింది. ఇంక సర్కారు కొలువు చేసి రిటైరైన పెద్దలైతే 300 రోజుల ఈఎల్స్ మిగుల్చుకుని అమ్ముకున్నామని గొప్పగా చెప్తారు. మిగలడానికైనా వాళ్లకి ఉన్నాయి కదా.

పెద్దవాళ్ల మాటలో నాకు అసలు గుచ్చుకునేది వేరే. "మేం" అన్నప్పుడు అందులో ఆడవాళ్లు లేరు. మా పక్కనే నరసాపురం. ఆ చుట్టుపక్కల ఊళ్లలో లేసు అల్లని ఆడవాళ్ల ఇల్లు దొరకడం ఒకప్పుడు కష్టం. క్రోషె సూది, తెల్ల దారం, అరుగు మీద చేరగిలబడి అల్లుతున్న నలుగురు. మిషనరీలు నేర్పిన విద్య అది, తర్వాత ఏజెంట్లు, ఎగుమతిదారులు వచ్చారు. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ డెబ్బైల చివర్లో ఇక్కడికొచ్చి ఈ ఆడవాళ్లతో మాట్లాడి 1982లో 'ది లేస్ మేకర్స్ ఆఫ్ నర్సాపూర్' అనే పుస్తకం వేసింది. స్త్రీవాద అర్థశాస్త్రం చదివేవాళ్లు ప్రపంచమంతా ఆ పుస్తకం చదువుతారు, మన ఊరి పేరు వాళ్లకి అలాగే తెలుసు. మనం చదవం.

ఆమె తేల్చింది ఇదీ. ఈ ఆడవాళ్లు ఇంటి చాకిరీ కాక రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు లేసు అల్లుతున్నారు. కూలి, కనీస వేతనానికి ఎక్కడో అడుగున ఉంది. లేసు విదేశాలకి వెళ్తోంది, డాలర్లు వస్తున్నాయి, వ్యాపారులు పెద్దవాళ్లయ్యారు. ఇంత జరుగుతున్నా అది పని కాదు. తీరిక వేళల్లో చేసుకునే కాలక్షేపం అన్నారు. వీళ్లు కార్మికులు కాదు, గృహిణులు అన్నారు. ఎంత తెలివైన మాటో చూడండి! పనినే తీరిక అని పిలిచేస్తే ఇంక ఆ మనిషికి సెలవు ఎక్కడిది? ఎవర్ని అడుగుతుంది? దేన్నించి తీసుకుంటుంది? మా పిన్ని ఒకావిడ ఇప్పటికీ ఎవరైనా అడిగితే "ఖాళీగా కూర్చోలేక ఏదో అల్లుతున్నానండీ" అంటుంది. చూపు మందగించింది, మెడ తిప్పలేదు. ఆ మాట ఆవిడది కాదు, ఏజెంటుది. మూడు తరాలుగా చెప్పి చెప్పి ఆవిడ నోట్లో పెట్టాడు. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది, సంతోషం. చేతుల గుర్తింపు సంగతి ఇంకా తేలలేదు.

పాత కథ ఇప్పుడెందుకంటారా? ఇంట్లో కూర్చుని చేసే పనిని తీరిక అనడం కోవిడ్ తర్వాత మన దగ్గరికే వచ్చింది. "ఇంట్లోనే ఉన్నావుగా, ఆ ఫైలు చూసేయ్" అన్నప్పుడు మనల్ని పలకరిస్తున్నది నరసాపురం ఏజెంటే. ఒళ్లో దారం ఉండ బదులు ల్యాప్‌టాప్ ఉంది. మనకి పిఎఫ్ ఉంది, పిన్నికి లేదు, ఆ తేడా చిన్నది కాదు. అందుకే ఊరెళ్లి కోలుకునే వ్యాసాలు నాకు నచ్చవు. మనం కోలుకోవడానికి వెళ్లిన వారం రోజులూ పులుసు పెట్టిన ఆవిడకి ఆ వారం సెలవా, అదనపు షిఫ్టా? ఈ ప్రశ్న ఆ వ్యాసాల్లో ఎక్కడా కనపడదు.

మా దగ్గర సెలవుని ఆయుధంగా వాడినవాళ్లూ ఉన్నారు. 2011 ఖరీఫ్‌లో గోదావరి అవతల కోనసీమ రైతులు వరి వెయ్యం అన్నారు. వేల ఎకరాలు బీడు పెట్టేశారు. గిట్టుబాటు లేదు, మద్దతు ధరకి కొనే దిక్కు లేదు, మురుగు కాలవలు తవ్వక చేలు మునుగుతున్నాయి. దానికి వాళ్లు పెట్టిన పేరు క్రాప్ హాలిడే, పత్రికలు పంట విరామం అని రాశాయి. అన్నపూర్ణ అని పిలిపించుకునే నేల సెలవు పెట్టేసరికి ప్రభుత్వం ఉలిక్కిపడి మోహన్ కందా కమిటీ వేసింది. 2022లోనూ కోనసీమలో ఆ మాట మళ్లీ వినిపించింది. డిమాండ్లన్నీ తీరలేదు, నాకు తెలుసు. చేలు బీడు పడితే ముందు పస్తున్నది రైతు కూలీ ఇల్లు, కౌలు రైతు ఇల్లు అన్నదీ తెలుసు. ఆ ఉద్యమాన్ని పొగిడేవాళ్లు ఆ సంగతి తొందరగా దాటేస్తారు. అయినా ఒకటి ఒప్పుకోవాలి. ఏ రైతూ ఒక్కడే వెళ్లి "నాకు మనసు బాలేదు, ఈ కారు మినహాయించండి" అనలేదు. కలిసి ఆపారు, ఎందుకు ఆపుతున్నారో చెప్పారు, ఆపడం అందరికీ కనపడింది.

మనం ఆపితే కనపడదు, అలా ఏర్పాటు చేశారు. కనపడని అలసట మీద పెద్దమనుషులు ఎన్ని మాటలైనా అంటారు. 2023లో నారాయణమూర్తి గారు యువత వారానికి 70 గంటలు పనిచెయ్యాలన్నారు. 2025 జనవరిలో ఎల్ అండ్ టి ఛైర్మన్ గారు 90కి పెంచి, ఇంట్లో కూర్చుని ఎంతసేపు భార్య మొహం చూస్తారని కూడా అడిగారు. ఇవి నోటి మాటలు, నవ్వుకుని మీమ్స్ వేసుకున్నాం. 2025 జూన్‌లో మన ఆంధ్రప్రదేశ్ మంత్రివర్గం రోజువారీ పనిగంటల పరిమితిని 9 నుంచి 10కి పెంచే సవరణలకి ఆమోదం తెలిపినప్పుడు మాత్రం మీమ్స్ పెద్దగా రాలేదు. మరుసటి నెలలో తెలంగాణ, వారానికి 48 గంటలు దాటకుండా, వాణిజ్య సంస్థల్లో రోజుకి 10 గంటలు పనిచేయించుకోవచ్చంది. అంతకు ముందు ఏడాదే పుణెలో ఉద్యోగంలో చేరి నాలుగైదు నెలలు కూడా కాకుండా చనిపోయిన 26 ఏళ్ల చార్టర్డ్ అకౌంటెంట్ గురించి, వాళ్లమ్మ కంపెనీకి రాసిన ఉత్తరం గురించి మనమంతా స్టేటస్‌లు పెట్టాం. స్టేటస్ 24 గంటల్లో పోతుంది.

పని చంపేస్తుందన్న మాట మా మండలంలో ఉపమానం కాదు. 2017 మార్చిలో మొగల్తూరులోని రొయ్యల ప్లాంటులో ట్యాంకు శుభ్రం చేయడానికి దిగి విషవాయువుతో ఐదుగురు చనిపోయారు. వాళ్లకి వెల్‌నెస్ యాప్ ఇస్తే బతికేవాళ్లా?

"అయితే సెలవు పెట్టొద్దంటావా?" పెట్టండి. నిద్ర పట్టకపోతే ఈ రోజే పెట్టండి, ఈ వ్యాసం పూర్తి చెయ్యక్కర్లేదు. మరీ చీకటిగా అనిపిస్తే 14416కి ఫోన్ చెయ్యండి, అది ప్రభుత్వం నడిపే టెలి మానస్, తెలుగులో మాట్లాడొచ్చు. నా వాదన సెలవు పెట్టి తిరిగొచ్చిన మంగళవారం గురించి. ఆ రోజు టీమ్ మీటింగ్‌లో "ఫ్రెష్ అయ్యావా?" అని అడుగుతారు కదా, అప్పుడు థాంక్స్ చెప్పి ఊరుకోకుండా అడగాల్సినవి ఉన్నాయి. నేను లేనప్పుడు నా పని చెయ్యడానికి మనిషిని పెట్టారా, లేక పక్కవాడి నెత్తిన వేశారా? ఫ్యాక్టరీల చట్టం 1948లోనే 20 రోజుల పనికి ఒక రోజు వేతనంతో సెలవు హక్కుగా రాసింది. ఆ హక్కు వాడినవాళ్ల రేటింగ్ అప్రైజల్‌లో ఎంత పడిందో చూపిస్తారా? ఏడాదిలో ఒక వారం ఆఫీసు మొత్తం, క్లయింట్‌కి ముందే చెప్పి, కట్టేయగలరా? కొన్ని విదేశీ కంపెనీలు ఇప్పటికే చేస్తున్నాయి, ఆకాశం విరిగిపడలేదు. ఆ ప్రశ్నలు ఒక్కరే అడిగితే టీమ్ ప్లేయర్ కాదంటారు. నలుగురు కలిసి అడిగితే కనీసం హెచ్‌ఆర్ నోట్ చేసుకుంటారు.

అన్నిటికన్నా ముందు, ఖర్చులేని పని ఒకటుంది. లీవ్ ఫారంలో "కారణం" అని ఒక గడి ఉంటుంది, పక్కన ఎర్ర చుక్కతో, నింపకపోతే ముందుకి కదలదు. ఆ గడి తీసేయమని మెయిల్ పెట్టండి. కింద ఎంతమంది సంతకం చేస్తారో చూద్దాం.