తాత మతిమరుపు మనుమడికి వస్తుందా?

పిల్లలూ, విశాఖపట్నంలో డాల్ఫిన్స్ నోస్ కొండకు ఆవల యారాడ ఉన్నది. అక్కడ ఒక తాత ఉన్నాడనుకోండి. యాభై ఏళ్ళు సముద్రం మీద వేటకు పోయినవాడు, చీకట్లో చుక్కలు చూసి తెప్పను ఒడ్డుకు చేర్చినవాడు. ఇప్పుడు ఒడ్డు నుంచి ఇంటికి దారి తెలియక నిలబడిపోతున్నాడు. మనుమణ్ణి చూసి, "ఎవరి గుంటడివిరా నువ్వు?" అంటున్నాడు. మనుమడికి ఏడుపు వస్తుంది. ఆ వెనకనే భయం కూడా వేస్తుంది: "రేపు మా నాన్నకూ, నాకూ ఇలాగే అవుతుందా?"

ఇది ముసలితనంలో వచ్చే మామూలు మరుపు కాదు, మెదడుకు వచ్చే జబ్బు. ఇలాటి జబ్బులలో ఎక్కువగా కనిపించేది అల్జైమర్ వ్యాధి. 1906లో దీన్ని గురించి మొదట వివరించిన జర్మను వైద్యుడి పేరే దీనికి పెట్టారు.

ముక్కూ మొహమూ తల్లిదండ్రుల పోలికతో వచ్చినట్టే, శరీరం ఎలా పనిచెయ్యాలో నిర్ణయించే జన్యువులు కూడా వారి నుంచే వస్తాయి. వాటిలో "అపో-ఇ" అనేది ఒకటి. దానిలో ముఖ్యంగా మూడు రకాలున్నాయి: 2, 3, 4. మనకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తాయి. నాలుగో రకం ఉన్నవారికి అల్జైమర్ వ్యాధి వచ్చే అవకాశం హెచ్చు అని 1993లో అమెరికా శాస్త్రజ్ఞులు కనిపెట్టారు. రెండూ నాలుగో రకమే అయితే మరీ హెచ్చు. రెండో రకం కొంత కాపాడుతుంది.

అయితే ఇది తలరాతా? కాదు. తుఫాను వచ్చేటప్పుడు విశాఖ రేవులో ప్రమాద సూచిక ఎగరవేస్తారు. సూచిక ఎగిరినంత మాత్రాన తుఫాను మన ఊరినే కొడుతుందని కాదు. అయినా జాలరులు ఊరుకోరు. తెప్పలు పైకి లాగి, వలలు భద్రం చేస్తారు. నాలుగో రకం జన్యువు కూడా అటువంటి సూచికే. అది ఉన్నా జబ్బు రానివారు ఎందరో ఉన్నారు. లేకపోయినా వచ్చినవారూ ఉన్నారు. జబ్బును దాదాపు తప్పనిసరిగా తెచ్చే జన్యువులు వేరే ఉన్నాయి. కాని అవి బహు కొద్ది కుటుంబాలలోనే కనిపిస్తాయి.

మరి తెప్ప పైకి లాగటమంటే ఏమిటి? రక్తపుపోటునూ, మధుమేహాన్నీ అదుపులో ఉంచుకోవటం, పొగ తాగకపోవటం, రోజూ నడవటం, బాగా చదువుకోవటం. ఇంకొక వింత వినండి. హైదరాబాదులోని నిజాం వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడి బృందం ఇలాటి మతిమరుపు జబ్బులు గల 648 మందిని పరిశీలించి, 2013లో ఫలితం ప్రకటించింది. ఒకే భాష వచ్చినవారి కన్న, రెండు మూడు భాషలు మాట్లాడేవారిలో జబ్బు నాలుగున్నర ఏళ్ళు ఆలస్యంగా కనిపించింది. చదువురానివారిలో కూడా ఈ తేడా ఉన్నది!

కనక ఆ మనుమడు బెంగపెట్టుకోనక్కర లేదు. పెద్దవాళ్ళు తాతను వైద్యుడికి చూపించాలి. మనుమడు చెయ్యవలసిన పని కూడా ఒకటున్నది. తాత "ఎవరివిరా?" అన్నప్పుడు నవ్వక, విసుక్కోక, "నీ మనవణ్ణే, తాతా" అని చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకుపోవాలి. రేపు మళ్ళీ అడిగితే, మళ్ళీ చెప్పాలి.