పూర్వుల యిండ్లు

భద్రాద్రిరాముని సేవింపబోవువారిలో పెక్కండ్రు, పినపాక మండలమందలి జానంపేట యడవిలోని ‘రాక్షసగుళ్ల’ను చూచియుండరు. అవి రాక్షసుల గుళ్లు కావు; 2,000 ఏండ్లకు పైబడిన ఇనుపయుగపు సమాధులు. గుండ్రముగా బండలు పేర్చి, నడుమ రాతిపలకలతో గది కట్టి, అందు రాతితొట్టె నుంచి, మృతులతో కుండలు, ఇనుపపనిముట్లు పెట్టి, పెనుబండ కప్పిరి. ఆ సీమయందే దొంగతోగుకడ మనుష్యరూపమున మలచిన నిలువురాళ్లును గలవు.

గ్రీసుదేశమున మైసీనీయందలి రాజసమాధికిని జనులు ‘ఆట్రియసు ధనాగార’మని పేరిడిరి. పేరు తప్పినచో బుద్ధియు తప్పును. నిక్షేపముల నాశించి కొందరు మన సమాధులను త్రవ్వి చెరచిరి. మృతునిచెంత కుండ నుంచిన చేయి, పిండము పెట్టు మన చేతివంటిదే కదా! పిల్లలకు కథ చెప్పునపుడు వీనిని పూర్వుల యిండ్లని చెప్పుడని మా ప్రార్థన.