వెనక్కి తిరిగి చూసుకుంటేనే దారి

నిజామాబాద్ నుంచి వర్ని రోడ్డెక్కి మోస్రా వైపు వెళ్తుంటే కళ్లు వరిపొలాల మీదే ఉంటాయి. 1931లో పూర్తయిన నిజాంసాగర్ నీళ్ల చలవ అది. కాస్త తలెత్తితే పొలాల అంచున గుట్టలు కనిపిస్తాయి. ఆ చుట్టుపక్కల అందరికీ తెలిసిన గుట్ట బడాపహాడ్. దానిపైన సయ్యద్ సాదుల్లా హుస్సేనీ దర్గా ఉంది. హిందువులు, ముస్లింలు అన్న తేడా లేకుండా జనం మెట్లెక్కి వెళ్లి మొక్కులు తీర్చుకుంటారు.

మరి మెట్లు లేని గుట్టల సంగతో? బోర్డుల్లేవు, బాణం గుర్తుల్లేవు. సెలవురోజున పిల్లలు ‘ఎక్కుదాం’ అని మారాం చేసేది వాటినే.

అలాగని అక్కడ బాటలుండవని కాదు, చాలానే ఉంటాయి. మేకలు తొక్కినవి, తునికాకు కోసేవాళ్లు నడిచినవి, కట్టెలకోసం వెళ్లినవాళ్లు వేసినవి. అయితే అవేవీ గుట్ట ఎక్కడానికి వేసినవి కావు. మేక మేత ఉన్నచోటికి పోతుంది. ఆకు కోసే మనిషి తునికి చెట్టు దగ్గర ఆగిపోతాడు. అందుకే చక్కగా సాగిన బాట ఉన్నట్టుండి పొదల్లో మాయమవుతుంది.

ఎక్కేటప్పుడు దీంతో పెద్ద ఇబ్బంది లేదు. ఎటునుంచి ఎక్కినా చేరేది పైకే. చిక్కంతా దిగేటప్పుడే! పైన నాలుగడుగులు పక్కకు జరిగితే చాలు, కిందికొచ్చేసరికి మరో ఊరి పొలిమేరలో తేలతారు. అందుకే అనుభవజ్ఞులు మలుపు మలుపుకీ ఆగి వెనక్కి తిరిగి చూస్తారు. వచ్చేటప్పుడు కనిపించేది ఆ దృశ్యమే కాబట్టి. జంటబండలు, ఒంటరి మోదుగ చెట్టు, దూరాన కాలువ గట్టు... ఇలాంటివి గుర్తుపెట్టుకుంటే చాలు. చెట్లకు గాట్లు, బండలకు రంగులు అక్కర్లేదు.

దారి తప్పితే ‘ఒర్రె వెంట దిగితే ఊరొస్తుందిలే’ అనుకుంటారు చాలామంది. రాతిగుట్టల్లో అది ప్రమాదం. ఒర్రె ఒక్కోసారి నిలువు బండ అంచుకు తీసుకెళ్లి వదిలేస్తుంది. కిందికి దిగలేరు, నున్నటి రాయి మీద పైకీ ఎక్కలేరు. కాళ్లు లాగినా సరే, ఆఖరిగా గుర్తున్న చోటికి వెనక్కి వెళ్లడమే క్షేమం.

ఎంత సమయం పడుతుందన్నదానికి స్కాట్లాండ్‌కు చెందిన పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లోనే ఓ లెక్క చెప్పాడు. సుమారుగా 5 కిలోమీటర్ల నడకకు గంట, 600 మీటర్ల ఎత్తు ఎక్కడానికి మరో గంట. అది బాట బాగున్నచోట. ముళ్లపొదల్లో, పిల్లలతో అయితే రెట్టింపు వేసుకోవాలి. చలికాలంలో ఆరు గంటలకే చీకటి పడుతుంది. పొద్దున్నే బయల్దేరి, కొస చేరినా చేరకపోయినా మధ్యాహ్నం పన్నెండుకల్లా వెనుదిరగాలి.

కాలం కూడా చూసుకోవాలి. వానల్లో బండలు జారతాయి, గడ్డిలో పాములు కనిపించవు. సీతాఫలాలు పండేవేళ వాటికోసం గుడ్డెలుగులూ వస్తాయి. ఎండాకాలం బండ కాలిపోతుంది, ఆర్పని ఒక్క బీడీముక్క ఎండుటాకుల్ని అంటించేస్తుంది. నవంబరు చివరి నుంచి జనవరి దాకా హాయి. రిజర్వు ఫారెస్టు అయితే అటవీ సిబ్బంది అనుమతి తప్పనిసరి. లేకుండా అడుగుపెడితే 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం.

మనిషికి మూడు లీటర్ల నీళ్లు, సద్ది, టార్చిలైటు సర్దుకుని, ఎటు వెళ్తున్నదీ ఎప్పటికి వచ్చేదీ ఇంట్లో చెప్పాలి. ఆపదలో 112కు ఫోన్ చేయొచ్చు కానీ, గుట్ట వెనక సిగ్నల్ దొరక్కపోవచ్చు. అన్నిటికన్నా మేలైంది కింది ఊళ్లో మేకలు కాసే పెద్దమనిషిని వెంట రమ్మనడం. ఆయన రోజుకూలి ఆయనకిచ్చి, ముందు నడవమంటే సరి. పిల్లలకు ఏ చెట్టేదో, ఏ బాట ఎక్కడ ఆగిపోతుందో కూడా ఆయనే చెబుతాడు.