బడిలో పనిముట్టు లేని పిల్లలు



సాంచాల మోతలో మనం నోటితో మాట్లాడుకోం. పోగు తెగిందంటే వేలు చూపిస్తాం. కండె అయిపోయిందంటే చెయ్యి తిప్పుతాం. మేస్త్రీ వస్తున్నాడంటే కనుబొమ ఎగరేస్తాం. ఆ మోతలో ముప్పై ఏళ్ళు నిలబడినవాడి చెవులు ఎలా ఉంటాయో మన ఇంటి ఆడవాళ్ళను అడిగితే చెబుతారు. వినపడకపోవడం అంటే ఏమిటో షోలాపూరు తూర్పు భాగంలో ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. అయినా మన ఇంట్లో పుట్టిన పిల్లవాడికి వినపడకపోతే, ఆ సంగతి మనకు తెలిసేసరికి ఏళ్ళు గడిచిపోతున్నాయి.

నా కళ్ళముందు జరిగింది ఒకటి చెబుతాను. నేను మిల్లులో పనిచేసే రోజుల్లో పక్క సాంచాల మీద ఉండే అన్న కొడుకు నాలుగో తరగతి రెండుసార్లు తప్పాడు. బడిలో మొద్దు అన్నారు, వెనక బెంచీలో కూర్చోబెట్టారు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ కాబట్టి పాఠం ఎక్కడం లేదని మేం అనుకున్నాం. చివరికి బడి మాన్పించి కండెలు చుట్టడానికి పెట్టారు. "పోనీలే అన్నా, సాంచా నేర్పించు. అక్కడ ఎవరికి మాత్రం వినపడుతుంది?" అన్నది నేనే. వాడికి పదిహేనేళ్ళు వచ్చాక ఎవరో చెబితే చెవుల పరీక్ష చేయించారు. తెలివికి ఏ లోటూ లేదు. చెవులే సరిగా పనిచేయడం లేదు. అప్పటికి బడి ఈడు దాటిపోయింది. ఆనాడు నేనన్న మాట ఇప్పటికీ నన్ను నిద్రపోనివ్వదు.

నాడె ఇవ్వకుండా బట్ట నెయ్యమంటే మనం ఒప్పుకుంటామా? నెయ్యలేదని పగారు కోస్తే ఊరుకుంటామా? చెవి మిషను లేని పిల్లను, బ్రెయిలీ పుస్తకం లేని పిల్లవాడిని బెంచీ మీద కూర్చోబెట్టి, పరీక్షలో మార్కులు రాలేదనడం కూడా అలాంటిదే. చెవి మిషను, బ్రెయిలీ పలక, మూడు చక్రాల బండి, పాఠం చదివి వినిపించే ఫోను ఆ పిల్లలకు పనిముట్లు. వాటిని దయాదాక్షిణ్యంగా ఎవరూ ఇవ్వనక్కరలేదు. చట్టమే ఇవ్వమంటోంది.

వికలాంగుల కోసం 1995లో వచ్చిన చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తించింది. దాని స్థానంలో వచ్చిన 2016 చట్టం 21 రకాలను గుర్తించింది. అది 2017 ఏప్రిల్ 19 నుంచి అమలులో ఉంది. వైకల్యం 40 శాతానికి తగ్గకుండా ఉన్నట్టు ధ్రువపత్రం పొందిన పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ళ వరకు చదువు ఉచితం. 18 ఏళ్ళు నిండేవరకు పుస్తకాలు, తగిన సాధనాలు కూడా ఉచితంగా ఇవ్వాలి. ఇది కాక 1981 నుంచి కేంద్ర ప్రభుత్వపు ఆడిప్ పథకం ఉంది. దాని కింద ఇచ్చే సాధనాలను ఎక్కువగా కాన్పూరులోని ప్రభుత్వ సంస్థ అలింకో తయారుచేస్తుంది. 2022లో సవరించిన నిబంధనల ప్రకారం నెలకు 22,500 రూపాయల లోపు ఆదాయం ఉన్నవారికి పూర్తిగా ఉచితం, 30,000 వరకు ఉన్నవారికి సగం ధర. సాంచా కార్మికులలో ఈ లెక్కకు బయట ఉండేవారు ఎందరు?

చట్టంలో లోపాలూ ఉన్నాయి. రెండు చెవుల్లోనూ 60 డెసిబెల్స్ లోటు ఉంటేనే వినికిడి వైకల్యం కింద లెక్క. 50 డెసిబెల్స్ లోటు ఉన్న పిల్లకు వెనక బెంచీ దాకా మాస్టారి మాట అందదు, చట్టమూ అందదు. ఈ హద్దు తగ్గించాలని మన యూనియన్ కోరుతోంది.

ఇంకొక సంగతి. మన సభ్యుడి కూతురికి శిబిరంలో చెవి మిషను ఇచ్చారు, ఫొటో తీసుకున్నారు. ఆరు నెలల తర్వాత నేను ఆ ఇంటికి వెళితే మిషను పెట్టెలో ఉంది. బ్యాటరీ కొన్ని రోజులకే అయిపోయింది. ఎదిగే పిల్ల కనుక చెవిలో పెట్టే అచ్చు వదులై మిషను కూత పెడుతోంది. మిషను ఇచ్చి బ్యాటరీ, కొత్త అచ్చు, మరమ్మతు ఇవ్వకపోవడం సాంచా బిగించి కరెంటు కనెక్షన్ మరిచిపోయినట్టు ఉంది. ఈ మూడూ మిషనుతోపాటే రావాలి.

చూపు లేని పిల్లల మాట. బ్రెయిలీ లిపిని కనిపెట్టిన లూయీ బ్రెయిలీ 1809లో ఫ్రాన్సులో తోలు పనివాడి ఇంట పుట్టాడు. మూడేళ్ళ వయసులో తండ్రి పనిచోట ఆరె కంటికి గుచ్చుకుని, ఆ తర్వాత రెండు కళ్ళ చూపూ పోయింది. 1824లో, పదిహేనేళ్ళకే, ఆరు చుక్కల లిపిని తయారుచేశాడు. మన దేశంలో 1951లో అన్ని భాషలకూ కలిపి భారతి బ్రెయిలీని స్థిరపరిచారు. అందులో తెలుగు 'క'కు, మరాఠీ 'క'కు చుక్కలు ఒకటే. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ అయిన మన పిల్లలకు ఇది ఎంత సౌకర్యమో ఆలోచించండి. ఫోను తెరమీది అక్షరాలను చదివి వినిపించే టాక్‌బ్యాక్ చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ముందే ఉంటుంది. కంప్యూటరు మీద చదివి వినిపించే ఎన్‌వీడీఏను ఉచితంగా తెచ్చుకోవచ్చు. దీనిని మొదలుపెట్టింది ఆస్ట్రేలియాలో చూపులేని యువకుడే. తల్లిదండ్రులకు ఎవరూ చెప్పకపోవడమే లోటు.

ఇక మన పని. వెనక నుంచి పిలిస్తే పలకని పిల్ల ఉందా? పుస్తకం ముక్కుకు ఆనించి చదివే పిల్లవాడు ఉన్నాడా? దిష్టి తీయించి ఊరుకోకండి, దాచిపెట్టకండి. ముందు పరీక్ష చేయించండి. 2021 జూన్ 1 నుంచి వైకల్య ధ్రువపత్రాలు కేంద్ర పోర్టల్ ద్వారానే ఇస్తున్నారు. ఆధార్ కార్డు, ఫొటో తీసుకుని ఆదివారం ఉదయం యూనియన్ ఆఫీసుకు రండి. దరఖాస్తు మన కుర్రవాళ్ళు నింపిపెడతారు. ఆస్పత్రికి వెళితే ఒక పూట పగారు పోతుందని చాలామంది ఆగిపోతున్నారని మాకు తెలుసు. ఆ పూట మీ సాంచాలు పక్క కార్మికుడు చూసుకునేలా కమిటీ బాధ్యత తీసుకుంటుంది. దీనికి ఏ యజమానీ అడ్డు చెప్పకూడదు. చెబితే మాకు తెలియజేయండి.

బోనసు కోసం గేటు ముందు కూర్చున్నవాళ్ళం. మన పిల్లల పనిముట్ల కోసం ఆఫీసు మెట్లు ఎక్కలేమా?

కార్యదర్శి