మైలుతుత్తం నేర్పే వ్యాకరణం

భాషోపన్యాసకునకు రసాయన శాస్త్రంతో పనేమి అని విద్యార్థి మిత్రులు శంకింపవచ్చును. అయినను ఒక మాట విన్నవింపదలచితిని. మోలార్ ద్రవ్యరాశి లెక్కలో మన విద్యార్థులు తడబడుట కూడిక రాక కాదు, సంకేతమును చదువుట రాక అని నా అభిప్రాయము.

తెలుగులో మైలుతుత్తమనీ, ఉర్దూలో నీలా తోతా అనీ మనమెరిగిన నీలి స్ఫటికమునే తీసికొందము. దాని సంకేతములో రాగి పరమాణువు ఒకటి, గంధకము ఒకటి, ఆక్సిజన్ నాలుగు. ఆపైన ఒక చుక్క. చుక్క తరువాత ఐదు నీటి అణువులు. పద్యమునకు వలెనే దీనికిని అన్వయము కావలెను. నాలుగు ఆక్సిజన్‌కే చెందును. ఐదు నీటికే చెందును. గణితములో గుణకారమైన చుక్క ఇచ్చట గుణకారము కాదు. 'తోడ' అను తృతీయా విభక్తి వంటిది.

ఇక లెక్క సులభము. రాగి 63.55, గంధకము 32.06, ఆక్సిజన్ నాలుగింటికి 64.00, వెరసి 159.61. నీటి అణువు ఒకటి 18.016, ఐదింటికి 90.08. ఒక మోల్ స్ఫటికము 249.69 గ్రాములు.

చుక్కను విస్మరించిన విద్యార్థి 0.1 మోలార్ ద్రావణము ఒక లీటరు చేయుటకు 24.97 గ్రాములకు బదులు 15.96 గ్రాములే తూచును. అతని కూడిక తప్పలేదు. ద్రావణము మాత్రము 0.064 మోలారే అగును. అర్థమెరుగని కంఠస్థవిద్య ఫలమిట్లుండును.

ఆంగ్లము రానివారికి విజ్ఞానశాస్త్రము అందదను భయము మన విద్యార్థులలో కలదు. అది నిరాధారము. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూ మాధ్యమముతోనే ఆరంభమైనది. 1968లో స్థాపితమైన తెలుగు అకాడమి కళాశాల శాస్త్రగ్రంథములను తెలుగులో వెలయించినది. ఆంగ్లపదములు నేర్వవలసినవే, కాని భావము ముందు మాతృభాషలో నాటుకొనవలెను.

కావున కళాశాల కమిటీవారికి రెండు మనవులు. ప్రయోగశాల గోడపై ముఖ్య పారిభాషిక పదములను మూడు భాషలలో వ్రాయింపుడు. పరమాణు భారము, జౌహరీ వజన్, అటామిక్ వెయిట్ ఒక్కటేనని పిల్లలు ప్రతిదినము చూతురు గాక. అధ్యాపకుల పర్యవేక్షణలో ప్రతి విద్యార్థియు ఒక్కసారియైనను ఆ స్ఫటికమును తూచి, వేడిచేసి, మరల తూచునట్లు చేయుడు. నీరు సాంతముగా పోయినచో నీలము తెల్లని పొడియై, బరువులో నూటికి 36 వంతులు తగ్గును. త్రాసు చూపిన ఆ లెక్కను విద్యార్థి జన్మలో మరువడు.